పిల్లల్లేని వాళ్లకి పట్నంలో ఏం పని?



ఊళ్లో పెళ్లికో, దినాలకో పోయినప్పుడు పట్నంలో ఉండేవాళ్లని పెద్దలు ఒక మాట అడుగుతారు. "ఇంకెన్నాళ్లురా ఆ పట్నంలో? ఊరికి రావా?" అని. పిల్లలున్న వాళ్ల దగ్గర దీనికి జవాబు తయారుగా ఉంటుంది. "పిల్లల చదువులు పెద్దనాయనా, ఇప్పుడెట్లా వస్తాం?" అంటే చాలు, అడిగినాయన తలూపి ఊరుకుంటాడు. అద్దె కట్టలేక అవస్థ పడుతున్నా, రెండు గదుల్లో ఆరుగురు సర్దుకుంటున్నా, చదువుల మాట ఎత్తితే అన్నిటికీ సమాధానం దొరికినట్టే.

పిల్లల్లేని దంపతులకి ఈ జవాబు లేదు. పెళ్లి చేసుకోని మగమనిషికి లేదు, పెళ్లి వద్దనుకున్న ఆడమనిషికి లేదు, భర్త పోయి ఒంటరిగా మిగిలిన అక్కకి అసలే లేదు. వాళ్లని అడిగే తీరు కూడా వేరు. "నీకేం పిల్లలా జెల్లలా, ఎవరి కోసం అక్కడ? ఊరికొచ్చి అమ్మానాన్నల్ని చూసుకోరాదా?" ఆ అడగడంలో కొంత ప్రేమ ఉంటుంది, కొంత ఆరా ఉంటుంది, కొంత తీర్పు ఉంటుంది. వాళ్లు నీళ్లు నమిలి "ఉద్యోగం" అనో "అలవాటైపోయింది" అనో అంటారు. అసలు కారణం చెప్పరు. చెబితే స్వార్థపరులం అంటారేమోనని భయం.

ఈ చిన్న పుస్తకంలో మనం ఆలోచించాల్సింది ఈ భయం గురించే. ఒక మనిషి తన బిడ్డల కోసం కాకుండా, తన కోసమే ఒకచోట ఉండిపోవడం తప్పా? ధమ్మం దీన్ని ఎట్లా చూస్తుంది?

ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న

"ఎవరి కోసం?" అనే మాటని కొంచెం విప్పి చూడండి. మనిషి బతుకు ఇంకొకరికి దారి వేయడానికే, తనకంటూ అది దేనికీ పనికిరాదు అనే నమ్మకం అందులో దాగి ఉంది. కొడుకు ఉంటేనే తండ్రి బతుక్కి అర్థం. కొడుకు లేకపోతే పున్నామ నరకం. పిండం పెట్టేవాడు లేకపోతే పితృదేవతలు ఆకలితో అలమటిస్తారు. ఈ నమ్మకాన్ని మన నెత్తిన ఎవరు పెట్టారో మనకి తెలుసు. మన తాతలకి చదువు వద్దన్నవాళ్లు, గుడి వద్దన్నవాళ్లు, ఈ పున్నామ నరకం భయాన్ని మాత్రం మనకి ఉచితంగా ఇచ్చారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆరవది శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అని. దీన్ని మనం చాలాసార్లు ఒక తంతుని వదిలేయడంగా మాత్రమే అర్థం చేసుకుంటాం. దాని లోతు అంతకంటే ఎక్కువ. పిండం అక్కర్లేదంటే, పిండం పెట్టే కొడుకు కోసమే మనిషి పుట్టాడన్న మాట కూడా అక్కర్లేదు. సంతానం ఉంటే సంతోషమే. లేకపోతే ఆ మనిషి బతుక్కి ఏ లోటూ రాదు. కానీ మనలో ఎంతమంది ఆ ఆరో ప్రతిజ్ఞని అంతదూరం తీసుకెళ్లారు? పిండం మానేశాం గానీ, పిండం పెట్టేవాడు కావాలనే ఆశని ఇంట్లో అటక మీద అట్లాగే దాచుకున్నాం.

వినయపిటకంలో సుదిన్నుడి కథ ఉంది. వైశాలికి దగ్గర్లోని ఊళ్లో డబ్బున్న ఇంటి కొడుకు. సంఘంలో చేరాడు. తల్లి వచ్చి "నువ్వు తిరిగి రాకపోతే పోనీ, ఒక వారసుణ్ణయినా ఇవ్వు, లేకపోతే మన ఆస్తిని లిచ్ఛవులు తీసుకుంటారు" అని బతిమాలింది. ఆయన లొంగిపోయి పాత భార్యని కలిశాడు. తరువాత పశ్చాత్తాపంతో కుంగిపోయాడు. భిక్షువులకి మొదటి పారాజిక నియమం ఏర్పడింది ఈ సంఘటన మీదనే. చూడండి, అంతటి నియమానికి మూలం వారసుడి కోసం వచ్చిన ఒత్తిడి. రెండున్నర వేల ఏళ్ల కింద ఆ తల్లి ఏ మాట అన్నదో, ఇవాళ మన ఊళ్లో మేనత్తలు అదే మాట అంటున్నారు.

బాబాసాహెబ్ 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో రాజకీయ ప్రజాస్వామ్యానికి కొన్ని పునాదులు చెప్పారు. వాటిలో మొదటిది, ప్రతి వ్యక్తీ తనకు తానే ఒక గమ్యం అని. అంటే ఎవరూ ఇంకొకరికి పనిముట్టు కాదు. కులానికీ కాదు, వంశానికీ కాదు. పిల్లల్లేని మనిషి విషయంలో ఈ మాట ఎంత నిజమో తేలుతుంది. వంశం అనే సాకు లేకుండా నిలబడ్డ మనిషిని కూడా మనిషిగా లెక్కపెడుతున్నామా లేదా? మనం ఈ సూత్రాన్ని నిజంగా ఒప్పుకున్నామో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఊరు ఎవరికి ఊరు?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామం గురించి అన్న మాటలు మనందరికీ తెలిసినవే. గ్రామాన్ని గొప్పగా పొగిడే పెద్దమనుషుల ముందు నిలబడి, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని చెప్పారు. ఆ మాట ఎందుకన్నారో తెలియాలంటే ఊరికి ఏ చివర నిలబడి చూస్తున్నామన్నది ముఖ్యం. ఊరి మధ్య నుంచి చూసేవాడికి రావిచెట్టు, చెరువు, రచ్చబండ కనిపిస్తాయి. వాడ నుంచి చూసేవాడికి ఎక్కడిదాకా పోవచ్చో, ఎక్కడ ఆగాలో కనిపిస్తుంది.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. బతికినవాళ్లు చీరాలకి తరలివచ్చారు. మళ్లీ ఊరికి పోలేదు. అక్కడే కాలనీ ఏర్పరచుకుని నిలిచారు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. వాళ్లని "సొంత ఊరు వదిలేశారే" అని ఎవరైనా అడగగలరా? వెళ్లిపోవడం, కొత్తచోట నిలబడిపోవడం కూడా ఒక పోరాట రూపమేనని వాళ్లు మనకి చూపించారు.

పిల్లల్లేని ఆడమనిషికైతే ఊళ్లో ఇంకో గోడ ఉంది. పచ్చని పందిట్లో ఆమెని ముందుకి పిలవరు. సీమంతానికి పిలిచినా పక్కన కూర్చోబెడతారు. పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు. 'గొడ్రాలు' అనే మాట పశువుకీ మనిషికీ ఒకటే వాడతారు. విచారం ఏంటంటే, ఈ పని చేసేది పై కులాలవాళ్లే కాదు. మన వాడలోనూ చేస్తారు. ఊరు వాడని దూరం పెడుతుంది, వాడ ఈమెని దూరం పెడుతుంది. అంటరానితనం బాధ తెలిసినవాళ్లే ఇంకొకరిని అపశకునం అనడం ధమ్మానికి పూర్తిగా విరుద్ధం. కోసల రాజు పసేనది తనకి ఆడపిల్ల పుట్టిందని దిగులుపడితే, ఆడబిడ్డ మగబిడ్డ కంటే మేలైనది కావచ్చని తథాగతుడు చెప్పారు. మనిషి విలువని పుట్టుకతోనూ, కన్న బిడ్డలతోనూ కొలవడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

అయితే పట్నం స్వర్గమా? కాదు. టులెట్ బోర్డు చూసి లోపలికి పోతే ఓనరు మొదట అడిగేది "మీరేమిట్లు?" అని. నేరుగా అడగలేనివాడు "నాన్‌వెజ్ తింటారా?" అని అడుగుతాడు. పిల్లల్లేని జంట అయితే "ఇద్దరేనా, పిల్లలేరి?" అని రెండో ఆరా. ఒంటరి ఆడమనిషికి ఇల్లు దొరకడం మరీ కష్టం. పట్నంలో కులం చావలేదు, చొక్కా మార్చుకుంది. ఈ సంగతి దాచిపెట్టి పట్నాన్ని పొగిడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మరి తేడా ఏంటి? పట్నంలో ఒక ఓనరు కాదంటే ఇంకో వీధి ఉంది. ఒక మేస్త్రీ తిడితే ఇంకో మేస్త్రీ దగ్గర పని ఉంది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు, స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో రాసి ఉంది. ఊళ్లో అవమానానికి తలుపు ఉండదు, బయటికి పోయే దారి ఉండదు. పట్నంలో అవమానం ఉంది, తలుపు కూడా ఉంది. చాలామంది పట్నంలో ఉండిపోయేది ఆ తలుపు కోసమే. కానీ అదొక్కటే చాలదు. తప్పించుకుని వచ్చినవాడు జీవితమంతా తప్పించుకుంటూనే ఉండలేడు. ఉండిపోవడానికి దాన్ని మించిన కారణం కావాలి.

తథాగతుడు ఇచ్చిన కొలత

ఎక్కడ ఉండాలి, ఎక్కడి నుంచి వెళ్లిపోవాలి అనే ప్రశ్నకి మజ్ఝిమనికాయంలో సూటిగా జవాబు ఉంది. వనపత్థ సుత్తం. భిక్షువుల కోసం చెప్పింది. అడవి గురించి మొదలుపెట్టి, ఊరికి, పట్టణానికి, నగరానికి, దేశానికి, చివరికి ఒక మనిషిని ఆశ్రయించి బతకడానికి కూడా అదే కొలత వర్తిస్తుందని చెప్పారు. చూడాల్సినవి రెండే. ఒకటి, ఇక్కడ ఉండడం వల్ల నా మనసు, నా ఎరుక పెరుగుతున్నాయా? రెండు, తిండీ బట్టా మందూ మాకూ సులభంగా దొరుకుతున్నాయా? ఈ రెండిటితో నాలుగు స్థితులు ఏర్పడతాయి. మనలాంటి గృహస్థులకి వాటిని అన్వయించి చూద్దాం.

మొదటిది. మనసూ పెరగడం లేదు, తిండీ సరిగా దొరకడం లేదు. పన్నెండు గంటల డ్యూటీ, ఒక గదిలో ఎనిమిది మంది, నెలాఖరుకి అప్పు, సాయంత్రం అయితే మందు. ఇట్లాంటి చోట ఉండకూడదు. పట్నం అనే పేరు కోసం పట్టుకుని వేలాడకూడదు. రాత్రయినా పగలైనా లేచిపోవాల్సిందే అన్నారు తథాగతుడు.

రెండవది. తిండికి లోటు లేదు గానీ మనసు పాడవుతోంది. ఇది మన చదువుకున్నవాళ్ల జబ్బు. మంచి జీతం, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్, కారు, ఈఎంఐ. పిల్లలు లేరు కాబట్టి ఖర్చు తక్కువ, తిరగడానికి తీరిక ఎక్కువ. పేరు చివర కులం తెలియకుండా సర్దుకున్నారు. పక్క ఫ్లాటువాళ్లకి తెలుస్తుందని గోడ మీద బాబాసాహెబ్ పటం పెట్టరు. శీలం ఒక్కొక్కటే జారిపోతోంది. ఈ స్థితిలో కూడా వెళ్లిపొమ్మనే సుత్తం చెబుతుంది. నేను ఇల్లు విడిచింది బట్ట కోసమూ తిండి కోసమూ కాదు అని భిక్షువు గుర్తు చేసుకోవాలట. మనమైనా అంతే. మన తాతలు ఊరు విడిచింది కారు కోసం కాదు గదా. వెళ్లిపోవడం అంటే ఊరికే పోవాలని లేదు. ఆ స్నేహాల్ని, ఆ బతుకు తీరుని విడిచిపెట్టడం కూడా వెళ్లిపోవడమే.

మూడవది. తిండికి కష్టమే గానీ మనసు పెరుగుతోంది. ఇక్కడ ఉండాలి అన్నారు. నాకు తెలిసిన ఒక అక్క ఉంది. నలభై దాటింది. పిల్లలు కలగలేదని భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. పట్నం వచ్చి మూడు ఇళ్లల్లో పని చేస్తుంది. మోకాళ్ల నొప్పులు. ఆదివారం మాత్రం తెల్ల చీర కట్టుకుని విహారానికి వస్తుంది. ముప్పై ఐదేళ్ల వయసులో ఆమె అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు వందన పుస్తకం చూసి చదువుతుంది. బస్తీలో నాలుగైదు కుటుంబాల తగాదాలకి ఆమె దగ్గరికే వస్తారు. "ఊళ్లో నా పేరు ఎవరికీ తెల్వదు సారూ, ఫలానావాడి పెళ్లాం అనేటోళ్లు, తరువాత గొడ్రాలు అన్నరు. ఈడ నన్ను నా పేరుతోటి పిలుస్తరు" అని చెప్పింది. ఆమె ఎందుకు ఉండిపోయిందో ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

నాలుగవది. రెండూ ఉన్నాయి. తిండీ ఉంది, మనసూ పెరుగుతోంది. ఇట్లాంటి చోట బతికినంత కాలం ఉండమన్నారు.

ఈ కొలతలో ఎక్కడైనా పిల్లల ప్రస్తావన వచ్చిందా? రాలేదు. భిక్షువులకి చెప్పింది కాబట్టి రాలేదు అనవచ్చు. నిజమే. కానీ గృహస్థులకీ వర్తించే మంగళ సుత్తం చూడండి. తల్లిదండ్రుల సేవ, భార్యాబిడ్డల పోషణ అందులో ఉన్నాయి. వాటికంటే ముందుగా, తగిన ప్రదేశంలో నివసించడం కూడా ఉత్తమ మంగళమని విడిగా చెప్పారు. బిడ్డల పేరు చెప్పనక్కర్లేకుండా, తగిన చోట ఉండడం దానికదే ఒక మేలు. అంగుత్తరనికాయంలో మనిషి ముందుకు సాగడానికి నాలుగు చక్రాలు చెప్పిన చోట కూడా తగిన ప్రదేశంలో ఉండడం, మంచివాళ్లతో చేరడం, తనని తాను సరైన దారిలో పెట్టుకోవడం, ముందు చేసుకున్న పుణ్యం అని లెక్కపెట్టారు. బండి అక్కడ కదులుతుంది.

బాబాసాహెబ్ జీవితంలోనే ఈ కొలత కనిపిస్తుంది. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగం కోసం వెళ్లారు. విదేశాల్లో చదివొచ్చిన మనిషి. జీతం ఉంది, హోదా ఉంది. తలదాచుకోడానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండాల్సి వచ్చింది. కులం బయటపడ్డాక కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. వెళ్లి కామాటీబాగ్ తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని, బొంబాయి బండి ఎక్కారు. అదే మనిషి బొంబాయి పరేల్ చాల్‌లో ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ కార్మికులు ఉన్నారు, పుస్తకాలు ఉన్నాయి, తోడు నిలిచే మనుషులు ఉన్నారు. ఆ బొంబాయి నుంచే 1920లో 'మూక్‌నాయక్' వచ్చింది, 1924లో బహిష్కృత హితకారిణి సభ వచ్చింది. జీతం ఉన్న చోటు విడిచారు, పని ఉన్న చోట నిలబడ్డారు.

పూలే దంపతుల ఇల్లు

పిల్లల్లేనివాళ్లు ఒక నగరంలో ఎందుకు ఉండిపోవాలి అని అడిగేవాళ్లకి మన చరిత్రలోనే పెద్ద జవాబు ఉంది. బాబాసాహెబ్ తన ముగ్గురు గురువుల్లో ఒకరిగా చెప్పుకున్న మహాత్మా జోతిరావు పూలే, ఆయన సహచరి సావిత్రిబాయి.

సావిత్రిబాయి సతారా ప్రాంతంలోని నాయ్‌గావ్‌లో 1831 జనవరి 3న పుట్టింది. పెళ్లయి పూణే వచ్చింది. 1848లో ఆడపిల్లల బడి మొదలైంది. బడికి పోతుంటే దారిలో పేడ విసిరారు. 1849లో జోతిరావు తండ్రే వాళ్లని ఇల్లు విడిచి పొమ్మన్నాడు. పిల్లలు కలగలేదు. ఇంకో పెళ్లి చేసుకోమని బంధువులు పోరారు. జోతిరావు ఒప్పుకోలేదు.

ఇంటి నుంచి గెంటేశారు, సంతానం లేదు, ఊరంతా శత్రువులు. పూణే విడిచి ఎక్కడికైనా పోయి హాయిగా ఉండొచ్చు గదా? పోలేదు. 1863లో తమ ఇంట్లోనే శిశుహత్యల నివారణ కేంద్రం తెరిచారు. మోసపోయిన బ్రాహ్మణ వితంతువులు అక్కడ రహస్యంగా ప్రసవించేవారు. అట్లా పుట్టిన ఒక బిడ్డని 1874లో దత్తత తీసుకున్నారు. అతనే యశ్వంత్, తరువాత డాక్టరయ్యాడు. 1890 నవంబర్ 28న జోతిరావు పోయినప్పుడు, మగవాళ్లే చేయాలన్న పనిని సావిత్రిబాయి చేసింది, అంతిమయాత్రలో తానే కుండ పట్టుకుని ముందు నడిచింది. 1897లో పూణేలో ప్లేగు వచ్చింది. ప్లేగు తగిలిన ఒక దళిత బాలుణ్ణి వీపు మీద మోసుకుని యశ్వంత్ వైద్యశాలకి తెచ్చింది. ఆ జబ్బే తనకి అంటుకుని మార్చి 10న కన్నుమూసింది.

ఆమెకి పూణేలో ఏం పని? ఎవరి కోసం ఉంది? రక్తసంబంధం లేని పిల్లల కోసం ఉంది. అట్లాగని 'త్యాగం' అనే ఒక్క మాటతో ఆమెని సరిపెట్టకండి. ఆ పనిలోనే ఆమె తానుగా ఎదిగింది. బడికి పోయే దారిలో, ఆ బాలింతల మధ్యలో, ఆమె సావిత్రిబాయి అయింది. నాయ్‌గావ్‌లోనో, మామగారింట్లోనో ఉండిపోయుంటే ఆ సావిత్రిబాయి మనకి ఉండేది కాదు.

తల్లిదండ్రుల మాటేంటి?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి పోకూడదు. "నువ్వు పట్నంలో మనసు పెంచుకుంటుంటే, ఊళ్లో ముసలి తల్లికి గంజి ఎవరు పోస్తారు?" అని.

సిగాలోవాద సుత్తంలో బిడ్డలు తల్లిదండ్రులకి చేయాల్సిన అయిదు పనులు చెప్పారు. నన్ను పోషించారు కాబట్టి వాళ్లని పోషిస్తాను. వాళ్ల పనులు చేసిపెడతాను. కుల పరంపర నిలుపుతాను. వారసత్వానికి తగినవాణ్ణవుతాను. పోయినవాళ్ల పేరిట దానం చేస్తాను. మొదటి రెండిటిలో సందేహం లేదు. పట్నంలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, తల్లికి మందులు కొనాల్సిందే, జబ్బుపడితే పరుగున పోవాల్సిందే. ఈ బాధ్యతని ఎగ్గొట్టడానికి పట్నాన్ని అడ్డం పెట్టుకునేవాడికి ధమ్మంలో ఏ మద్దతూ లేదు.

మూడోదాన్ని పట్టుకుని "చూశారా, వంశం నిలపాలని బుద్ధుడే చెప్పాడు" అనేవాళ్లున్నారు. మాట అక్కడ ఉంది, దాచాల్సిన పని లేదు. కానీ ఇల్లు విడిచి సంఘంలో చేరిన వేలమందిని వంశం తెంచారని తథాగతుడు తప్పుపట్టలేదు. కాబట్టి అది అందరికీ ఒకే తీరున విధించిన శాసనం కాదు. పైగా మన ఇళ్లల్లో నిలపాల్సిన పరంపర ఏది? వెట్టి పరంపరా? డప్పు కొట్టి చావు కబురు చెప్పే పరంపరా? 1956లో మనం ఒక పరంపరని తెంచుకుని ఇంకో పరంపరలో చేరాం. ఆ పరంపర శీలంతో నిలుస్తుంది, రక్తంతో కాదు. నేను దీన్ని ఇట్లాగే అర్థం చేసుకుంటున్నాను.

అంగుత్తరనికాయంలో ఇంకో మాట ఉంది. తల్లినీ తండ్రినీ చెరో భుజం మీద నూరేళ్లు మోసినా వాళ్ల రుణం తీరదట. శ్రద్ధ లేని తల్లిదండ్రుల్ని శ్రద్ధలో, శీలం లేనివాళ్లని శీలంలో, దానం, ప్రజ్ఞల్లో నిలబెడితే తీరుతుందట. పట్నంలో ధమ్మం నేర్చుకున్న బిడ్డ ఊరికి పోయినప్పుడు తల్లికి ఆ నాలుగు మాటలు చెబుతున్నాడా, లేక స్వీటు డబ్బా ఇచ్చి తిరుగు బస్సు ఎక్కుతున్నాడా? ఎవరికి వారు చూసుకోవాలి.

ఇంకో అన్యాయం గురించి కూడా చెప్పాలి. నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో, పిల్లల్లేని ఒక్కరి మీద తల్లిదండ్రుల భారమంతా వేస్తారు. "నీకేముంది, ఖాళీయే గదా" అంటారు. పిల్లలున్న అన్న అక్కడే పట్నంలో ఉండొచ్చు, పిల్లల్లేని తమ్ముడు మాత్రం ఉద్యోగం వదిలి రావాలి. సిగాలుడికి చెప్పిన బాధ్యత బిడ్డలందరిదీ. పిల్లల్లేని బిడ్డది మాత్రమే అని ఎక్కడా లేదు. ఇష్టంతో ముందుకొచ్చి చూసుకుంటే అది మైత్రి. ఖాళీ మనిషివని మెడలు వంచి చేయిస్తే అది వెట్టే, ఇంట్లోవాళ్లు చేయించినా సరే.

రేపు మంచాన పడితే?

పిల్లల్లేనివాళ్లని నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. అరవై దాటాక, మంచాన పడితే, పట్నంలో ఎవరున్నారు? ఊళ్లోనైతే కనీసం పాలివాళ్లు ఉంటారు గదా అనిపిస్తుంది. ఈ భయంతోనే చాలామంది నిలబడ్డచోటు విడిచి, అవమానం అని తెలిసీ వెనక్కి పోతారు.

వినయపిటకంలోనే దీనికీ జవాబుంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తథాగతుడు ఆనందుడితో కలిసి వచ్చి, తానే నీళ్లు పోశారు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తరువాత భిక్షువుల్ని పిలిచి ఎందుకు చూడలేదని అడిగారు. అతను మాకెవరికీ ఏ పనీ చేసిపెట్టడు, అందుకే చూడలేదు అన్నారు వాళ్లు. అప్పుడు ఆయన, మీకిక్కడ తల్లీ లేదు తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అని చెప్పారు.

మిత్రులారా, ఈ కథ పిల్లల్లేనివాళ్ల కోసం కాదు, మన కోసం. మన విహారాల్లో, మన సంఘాల్లో పిల్లల్లేని దంపతులు ఎట్లా కనిపిస్తున్నారు? ఏప్రిల్ 14 వస్తే చందాకి ముందు వాళ్ల దగ్గరికే పోతాం. "మీకేం ఖర్చుంటది అన్నా" అంటాం. కుర్చీలు వేయడానికి, భోజనాలు వడ్డించడానికి వాళ్లనే పిలుస్తాం. వాళ్లు ఆస్పత్రిలో ఉంటే రాత్రి ఎవరు పడుకుంటున్నాం? ఆ భిక్షువులు చెప్పిన సాకు, 'అతను మాకేం చేశాడు' అనేది, మన నోటి నుంచి రాకుండా చూసుకుంటున్నామా?

పట్నంలోని ప్రతి ధమ్మ బృందం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఒంటరివాళ్ల, పిల్లల్లేనివాళ్ల పేర్లు రాసిపెట్టుకోవడం. ఆస్పత్రి వంతులు పంచుకోవడం. నెలకోసారి ఇంటికి పోయి పలకరించడం. కాగితాల విషయంలో సాయం చేయడం. ముఖ్యంగా ఈ రెండు సంగతులు అందరికీ తెలియాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం బౌద్ధులకీ వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లల్లేని, భర్త కూడా లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె రెక్కల కష్టంతో కొన్న ఇల్లు సైతం ముందు భర్త తరపు వారసులకే పోతుంది. కన్న తల్లిదండ్రులు ఆ తరువాతే. గొడ్రాలని గెంటేసిన ఇంటికే ఆమె ఇల్లు పోవచ్చన్నమాట. కాబట్టి వీలునామా తప్పకుండా రాయాలి. ఇక, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, పిల్లల్లేని 60 ఏళ్లు దాటినవాళ్లు తమ ఆస్తిని అనుభవిస్తున్న, లేదా రేపు తమ ఆస్తి దక్కబోయే వారసుడి నుంచి పోషణ అడగవచ్చు.

ఇవన్నీ చిన్న పనులుగా కనిపిస్తాయి. కానీ మనం ఇవి చేయకపోతే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఆ అక్క మోకాళ్లు పూర్తిగా పోయిన రోజున, మనం కనిపించకపోతే, ఆమె ఊరి బస్సు ఎక్కుతుంది. మళ్లీ ఫలానావాడి పెళ్లాం అవుతుంది, మళ్లీ గొడ్రాలు అవుతుంది. ఆమె చదవడం నేర్చుకున్న వందన పుస్తకం ఏ సంచిలోనో అడుగున పడి ఉంటుంది. అప్పుడు ఓడిపోయేది ఆమె ఒక్కతే కాదు.

జవాబు చెప్పడం నేర్చుకుందాం

కాబట్టి, ఊళ్లో మళ్లీ ఎవరైనా "పిల్లల్లేని మీకు పట్నంలో ఏం పని?" అని అడిగితే తల వంచుకోనక్కర్లేదు. ఉద్యోగం అని అబద్ధపు సాకు చెప్పనక్కర్లేదు. "ఇక్కడ నా శీలం నిలుస్తోంది, నా చదువు పెరుగుతోంది, నలుగురికి పనికొస్తున్నాను, అందుకే ఉంటున్నాను" అని మర్యాదగానే చెప్పండి. ఆ మాట నిజం అయినప్పుడే చెప్పండి. నిజం కాకపోతే వనపత్థ సుత్తం రెండో స్థితిని ఇంకోసారి చదువుకోండి. ఊళ్లోనే మనసు పెరిగే వీలు ఉంటే, అక్కడే ధమ్మం పని చేయగలిగితే, సంతోషంగా ఊరికే పోండి. కొలత రెండు వైపులా ఒకటే.

పిల్లలున్న మిత్రులు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. పిల్లల చదువులు ఒకనాటికి అయిపోతాయి. వాళ్లు బెంగళూరో అమెరికానో పోతారు. ఆ రోజు మీరు కూడా పిల్లల్లేనివాళ్లలాగే ఆ రెండు గదుల్లో మిగులుతారు. అప్పుడు "ఎవరి కోసం ఇక్కడ?" అంటే మీ దగ్గర ఏం జవాబుంటుంది? ఇవాళ పిల్లల్లేని మన అక్క, మన తమ్ముడు ఆ జవాబు వెతుకుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని ఇప్పటి నుంచే మనమూ వెతుకుదాం.

తగిన ప్రదేశం ఎక్కడో సిద్ధంగా ఉండదు. ఆ బస్తీలో ఆదివారం తలుపు తీసి ఉంచేవాళ్లుంటేనే అది తగిన ప్రదేశం అవుతుంది.

నమో బుద్ధాయ! జై భీమ్!